సెల్లార్‌లో రాడాన్ 400 దాటిన ఇల్లు: బెంగళూరు కేసు

గ్రానైట్ మొత్తం పీకించేద్దామని ఇంట్లో తీర్మానం అయిపోయాక నాకు ఫోన్ వచ్చింది. నేలలోంచి ఇళ్ళలోకి చేరే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువుని కొలిచి, తగ్గించడం నా పని. బెంగళూరు దక్షిణం వైపు 30×40 సైటులో కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు, కింద సెల్లార్, పైన రెండంతస్తులు. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంటాయన సాఫ్ట్‌వేర్‌లో, ఆయన తమ్ముడు న్యూజెర్సీలో. అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్‌తో పాటు రాడాన్ టెస్టు చేయించుకోవడం మామూలే కాబట్టి, ఆ తమ్ముడు సెలవులకి వస్తూ ఒక డిజిటల్ మీటర్ సూట్‌కేసులో పడేసుకొచ్చాడు. సెల్లార్‌లో పెడితే కొన్ని రోజులకి 11 దగ్గర నిలబడింది. పదకొండే కదా అని ముందు ఎవరూ పట్టించుకోలేదు. ఆ మీటర్ చూపించేది అమెరికా లెక్క, లీటరు గాలికి ఇన్ని పికోక్యూరీలని. లీటరుకి 1 పికోక్యూరీ అంటే, రేడియోధార్మికతకి మన దగ్గర వాడే బెక్వెరెల్ లెక్కలో ఘనపు మీటరుకి 37. అంటే ఘనపు మీటరు గాలికి దాదాపు 407 బెక్వెరెల్స్. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఇంట్లో టెన్షన్ మొదలైంది.

ఏసీ బిగించే కుర్రాడిని అడిగితే "ఎగ్జాస్ట్ పెట్టించండి సార్, గ్యాసే కదా, పోతుంది" అన్నాడట. ఎనిమిది అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారు. రీడింగ్ 11 నుంచి 17కి ఎక్కింది. ఫ్యాన్ పెట్టినా పెరుగుతోందంటే లోపలే ఏదో గ్యాస్ తయారుచేస్తోందని, ఆ తయారుచేసేది నేల మీద పరిచిన గ్రానైటేనని తేల్చేశారు. ఆ పని చేసే కాంట్రాక్టర్ పీకడానికి, కొత్త టైల్స్‌కి కలిపి నాలుగు లక్షల పైన చెప్పాడు. ఈ కేసు మొత్తం ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గరే ఉంది, అది తర్వాత చెప్తాను.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. రాళ్ళలో, మట్టిలో కొద్దో గొప్పో యురేనియం ఉంటుంది. అది కోట్ల ఏళ్ళుగా విచ్ఛిన్నమవుతూ దశలవారీగా రేడియం అవుతుంది, రేడియం రాడాన్-222 అవుతుంది. ఆ వరసలో వాయువు రాడాన్ ఒక్కటే, మిగతావన్నీ ఘనపదార్థాలు. రంగు, వాసన, రుచి లేవు. అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం విచ్ఛిన్నమయ్యే కాలం, 3.8 రోజులు, కాబట్టి మట్టి సందుల్లోంచి పాకి ఇంట్లోకి చేరేంత వ్యవధి దానికి ఉంటుంది. అసలు హాని చేసేది రాడాన్ కన్నా దాని తర్వాత పుట్టే పొలోనియం. అది గాలిలో దుమ్ముకి అతుక్కుని ఊపిరితిత్తుల్లో చేరి అక్కడ ఆల్ఫా కణాలు అనే రేడియేషన్ వదులుతుంది. డబ్ల్యూహెచ్ఓ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే దీన్ని మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో పెట్టింది. 2009లో డబ్ల్యూహెచ్ఓ ఇళ్ళకి 100 బెక్వెరెల్స్ హద్దుగా పెట్టుకోమంది, అది కుదరని దేశాల్లో కూడా 300 మాత్రం దాటకూడదంది. అమెరికావాళ్ళు 4 పికోక్యూరీలు, అంటే 148 దాటితే మరమ్మతు చేయించుకోమంటారు. ఈ ఇల్లు ఏ లెక్కన చూసినా దాటేసింది.

బెంగళూరు కూర్చున్నదే పాత రాతి మీద. లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి ఫొటోలు దిగే ఆ గుట్ట పెనిన్సులర్ నైస్ అనే రాయి, దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిది. రామనగరం వైపు కనిపించే కొండలు క్లోజ్‌పేట గ్రానైట్, అవి 250 కోట్ల ఏళ్ళవి. ఇలాంటి రాళ్ళలో సున్నపురాయిలో కన్నా యురేనియం, థోరియం ఎక్కువ ఉండటం సహజం. అలాగని ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఈ సమస్య ఉంటుందని కాదు. కిటికీలు తీసి బతికే ఊరు ఇది, పైఅంతస్తుల్లో గాలి ఆడుతూనే ఉంటుంది. చిక్కంతా నేలని ఆనుకుని, తలుపులు బిగించి, ఏసీ వేసుకుని కూర్చునే గదులతోనే. ఇప్పుడు ఇండిపెండెంట్ ఇళ్ళలో సెల్లార్‌ని హోమ్ థియేటర్‌గానో, వర్క్ ఫ్రమ్ హోమ్ గదిగానో మార్చుకోవడం ఎక్కువైంది, అక్కడ గోడలకి శబ్దం పోకుండా ప్యానెళ్ళు కొట్టి, తలుపుకి రబ్బరు బిగించి, ఉన్న చిన్న వెంటిలేటర్లు కూడా మూసేస్తారు.

ఈ ఇంట్లో సెల్లార్‌లో ఎక్కువసేపు ఉండేది ఇంటాయన తండ్రి. బ్యాంకులో రిటైరయ్యారు, పొద్దున టిఫిన్ కాగానే కిందికి దిగితే మళ్ళీ భోజనానికే పైకి. అక్కడే టీవీ, అక్కడే సిగరెట్. కోడలు పైన కాల్చనివ్వదు కాబట్టి కింద కాలుస్తారు. ఇది విన్నాక నాకు 400 కన్నా ఆ సిగరెట్ పెద్ద విషయమనిపించింది. యూరప్‌లో 13 అధ్యయనాల్ని కలిపి 2005లో వేసిన లెక్క ఒకటుంది. 75 ఏళ్ళు వచ్చేలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం, జీవితంలో ఎప్పుడూ పొగతాగనివాళ్ళకి రాడాన్ లేకపోతే 0.4 శాతం, 400 బెక్వెరెల్స్ ఉంటే 0.7 శాతం. అదే పొగతాగేవాళ్ళకి 10 శాతం నుంచి 16 శాతానికి వెళ్తుంది. పొగతాగని మనిషి విషయంలో ఇది కంగారు పడాల్సిన సంఖ్య కాదు, తీరిగ్గా బాగుచేసుకోవాల్సిన సంఖ్య. పెద్దాయన విషయం వేరు. ఆయనకి ఇదంతా చెప్తే నవ్వి, "ఏమప్పా, మా పక్క కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది కదా, అక్కడి నుంచి వచ్చిందా ఇది?" అని అడిగారు. రాదండీ. 3.8 రోజుల్లో సగం మాయమైపోయే గ్యాస్ మట్టిలో అంత దూరం నడవలేదు, ఇంటి కింద కొన్ని మీటర్ల లోతులో ఏముందో అదే మీ ఇంట్లోకి వస్తుంది అని చెప్పాను. ఇంటాయనకి వచ్చే తలనొప్పి కూడా రాడాన్ వల్లేనని వాళ్ళావిడ అనుమానం. రాడాన్‌తో తలనొప్పి రాదు, దగ్గు రాదు, అసలు ఏ లక్షణమూ ఉండదు. మూసేసిన గదిలో ఏసీ వేసుకుని ముగ్గురు పొద్దస్తమానం పనిచేస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తల బరువెక్కడం మామూలే.

కొలత సంగతికి వస్తాను. వాళ్ళ మీటర్ టీవీ యూనిట్ అరలో, గోడకి ఆనించి పెట్టి ఉంది. గోడకి అంత దగ్గరగా పెడితే థోరాన్ తగులుతుంది, అది రాడాన్‌కి తమ్ముడు, థోరియం నుంచి వచ్చేది. దాని అర్ధాయువు నిమిషం లోపే కాబట్టి గోడ నుంచి గది మధ్యకి రాకముందే అయిపోతుంది, కానీ గోడ పక్కనే ఉన్న మీటర్ కొన్నిసార్లు దాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది. మీటర్ నేల నుంచి కనీసం అడుగున్నర పైన, బయటి గోడకి అడుగైనా ఎడంగా, ఏసీ గాలి తగలని చోట ఉండాలి. నా దగ్గరున్న అయాన్ చాంబర్ మీటర్ని వాళ్ళ మీటర్ పక్కనే గది మధ్యలో స్టూల్ మీద పెట్టాను. ఎగ్జాస్ట్ ఆపేసి, తలుపులు పన్నెండు గంటల ముందే మూయించి, ఆ తర్వాత వారం పైగా నడిపించాం. రెండూ దాదాపు ఒకేలా నడిచాయి, సగటు 390 దగ్గర. అంటే మీటర్ అబద్ధం చెప్పడం లేదు. గ్రౌండ్ ఫ్లోర్ హాల్లో 110, పైన పడకగదిలో 45. పైకి పోయేకొద్దీ తగ్గుతోందంటే అది కింది నుంచి వస్తున్నట్టే లెక్క. వంటింటి గ్రానైట్ బండే కారణమైతే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎక్కువ ఉండాలి కదా.

ఇంకో సంగతి, గంటగంటకీ ఆ మీటర్ యాప్ చూసుకుని కంగారు పడొద్దని ఇంటాయనకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. తెల్లవారుజామున 5, 6 గంటలకి 650 దాటేది, మధ్యాహ్నం మూడింటికి 200కి దిగేది. చలికాలం రాత్రి బయట చల్లబడితే ఇంట్లో వెచ్చటి గాలి పైకి లేచి మేడ మెట్ల దారిన పోతుంది, ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి గాలి లాగుతుంది. వాన పడి చుట్టూ మట్టి నానిపోతే, గ్యాస్‌కి పక్కల నుంచి దారి మూసుకుపోయి ఇంటి కింద పొడిగా ఉన్న చోటుకే చేరుతుంది. ఒక్క రోజు రీడింగ్ చూసి మంచిదనో చెడ్డదనో అనలేం. అసలైన కొలత ఎల్ఆర్-115, సీఆర్-39 లాంటి ఫిల్ములు మూడు నెలలకి తక్కువ కాకుండా పెట్టి, వాటి మీద ఆల్ఫా కణాలు చేసిన గీతల్ని ల్యాబ్‌లో లెక్కపెట్టించడమే. మన దేశంలో విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలు ఎప్పటినుంచో ఇలాగే కొలుస్తున్నాయి. డిజిటల్ మీటర్ మాత్రం దారి వెతకడానికి పనికొస్తుంది, అందుకే నేను రెండూ వాడతాను.

ఇక గ్రానైట్. ఈ పేరు వినగానే జనానికి రేడియేషన్ గుర్తొస్తుంది, గ్రానైట్ అమ్మేవాళ్ళ మీద టైల్స్ అమ్మేవాళ్ళు ఈ భయాన్ని బాగానే వాడుకుంటారు. లెక్క వేసి చూపించాను. వాళ్ళ సెల్లార్ నేల మీద ఉన్నది దాదాపు 50 చదరపు మీటర్లు, 18 మిల్లీమీటర్ల మందం. బరువు రెండున్నర టన్నులకి కాస్త తక్కువ. కిలోకి 100 బెక్వెరెల్స్ రేడియం ఉందనుకుందాం, కొంచెం ఎక్కువగానే అనుకుందాం. పుట్టిన రాడాన్‌లో రాయి నుంచి బయటపడేది పదో వంతు అనుకుంటే, గంటకి 180 బెక్వెరెల్స్ గదిలోకి వస్తాయి. గది 135 ఘనపు మీటర్లు, గంటకి అందులో మూడో వంతు కన్నా తక్కువ గాలి మారుతుందని పెట్టుకున్నా, గ్రానైట్ వాటా ఘనపు మీటరుకి 5 బెక్వెరెల్స్ లోపే. 390లో 5. పీకించుకుంటే 385 మిగులుతుంది, నాలుగు లక్షలు పోతాయి.

లెక్క చెప్తే ఇంటాయన తలూపారు కానీ నమ్మలేదు. అందుకని వాళ్ళమ్మగారిని అడిగి పెళ్ళిళ్ళకి వాడే పెద్ద అల్యూమినియం గిన్నె తెప్పించాను. లోపల మీటర్ పెట్టి గ్రానైట్ మధ్యలో, అతుకులు లేని చోట బోర్లించి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసేశాం. ఒక రాత్రంతా ఉంచితే లోపల పెద్దగా కదల్లేదు. తర్వాత అదే గిన్నెని గోడ మూలలో, నేలకీ గోడకీ మధ్య స్కర్టింగ్ ఊడిపోయిన చోట బోర్లించాం. తెల్లారేసరికి 4,000 దాటింది. "అయితే ఇది గచ్చులోంచి కాదు నాయనా, సందులోంచే" అని వాళ్ళమ్మగారే తేల్చేశారు. లెక్క కన్నా గిన్నె బాగా పనిచేసింది.

బోరు నీళ్ళ అనుమానం కూడా ఉండాల్సిందే, ఎందుకంటే ఈ రాళ్ళలోంచి వచ్చే బోరు నీళ్ళలో రాడాన్ కరిగి ఉంటుంది. స్నానం చేసేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు అది గాలిలోకి వస్తుంది. కావేరి నీళ్ళలాంటి నది నీళ్ళలో దాదాపు ఉండదు. వీళ్ళ బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే లీటరుకి 70 బెక్వెరెల్స్ వచ్చింది, డబ్ల్యూహెచ్ఓ ఒకప్పుడు హద్దుగా చెప్పిన 100 లోపే. నీళ్ళలో పదివేల వంతులుంటే ఇంటి గాలిలోకి ఒక వంతు చేరుతుందని ఒక మోటు లెక్క ఉంది, లీటరుకి 70 అంటే ఘనపు మీటరుకి 70 వేలు, ఆ ప్రకారం ఇంట్లో గాలికి ఇది కలిపేది 7. ఓవర్‌హెడ్ ట్యాంకులో పడేటప్పుడే చాలావరకు పోతుంది కూడా. నీటిని పక్కన పెట్టేశాం. ఆ బోరు నీళ్ళు తాగుతుంటే మాత్రం యురేనియం పరీక్ష విడిగా చేయించుకోండి, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) హద్దు లీటరుకి 30 మైక్రోగ్రాములు. అది వేరే సమస్య, దాన్ని ఆర్ఓ ఫిల్టర్ తీసేస్తుంది. రాడాన్‌కి ఆర్ఓతో సంబంధం లేదు. ఎయిర్ ప్యూరిఫయర్‌తో కూడా లేదు. అది దుమ్ముని పడుతుంది, గ్యాస్‌ని పట్టదు.

ఇప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్. మైక్రోమానోమీటర్ అని గాలి ఒత్తిడి తేడాని కొలిచే పరికరం ఉంటుంది. నేలలో సన్న రంధ్రం వేసి, గచ్చు కింద ఒత్తిడికీ గదిలో ఒత్తిడికీ తేడా చూశాం. ఫ్యాన్ ఆపి ఉన్నప్పుడు గది కింది మట్టి కన్నా 2, 3 పాస్కల్స్ తక్కువలో ఉంది. ఇది ఎంత చిన్నదంటే, ఒక మిల్లీమీటరు నీటిమట్టం తేడానే దాదాపు 10 పాస్కల్స్. ఆ చిన్న తేడాకే రాత్రింబగళ్ళు మట్టి గాలి పైకి వస్తోంది. తలుపు మూసి ఎగ్జాస్ట్ వేయగానే తేడా 9కి పోయింది. గదిలోంచి గాలిని బయటికి తోసేస్తే ఆ ఖాళీ ఎక్కడినుంచైనా నిండాలి కదా, తలుపుకి రబ్బరు, వెంటిలేటర్లు మూత. మిగిలిన దారి నేలే. కొబ్బరిబోండంలో స్ట్రా పెట్టి పీల్చినట్టు ఆ ఫ్యాన్ మట్టిలోంచి పీలుస్తోంది. తర్వాత ఇంటాయన ముందే అదే ఫ్యాన్‌ని తలుపు బార్లా తీసి నడిపించాను. ఒత్తిడి తేడా 2కి దిగింది, కొన్ని గంటల్లో రీడింగ్ 200 కిందికి వచ్చింది. ఫ్యాన్ అదే, గ్రానైట్ అదే, మారింది తలుపు ఒక్కటే. నేను ఈ పనిలో ఎవరికైనా గట్టిగా చెప్పేది ఇదే, రాడాన్ దేంట్లోంచి పుడుతోందని కాదు, మీ గది ఎక్కడి నుంచి గాలి పీలుస్తోందని అడగండి. వంటింటి చిమ్నీకీ, బాత్రూమ్ ఎగ్జాస్ట్‌కీ ఇదే వర్తిస్తుంది.

మరి తలుపు తీసి పెట్టుకుంటే సరిపోదా అని మీరు అడగొచ్చు. ఏసీ వేసుకునే గదికి ఎవరు తీసిపెడతారు? పైగా అప్పుడు ఆ గాలి మెట్ల మీదుగా గ్రౌండ్ ఫ్లోర్‌కి పోతుంది. ఫ్యాన్‌ని తిప్పి బిగించి బయటి గాలిని లోపలికి తోసి కూడా చూశాం, గదిలో ఒత్తిడి పెరిగి రాడాన్ 150 దగ్గరికి దిగింది. పద్ధతి తప్పేమీ కాదు. కానీ వెంటిలేటర్లు కార్లు పెట్టే పోర్టికో వైపు ఉన్నాయి, పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే పొగంతా లోపలికే. వానాకాలంలో తేమ వచ్చి ఆ శబ్దం ప్యానెళ్ళకి బూజు పడుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఒత్తిడి పోతుంది. వద్దనుకున్నాం.

చేసింది, గది గాలిని వదిలేసి గచ్చు కింద గాలినే పీల్చడం. నేలకి కన్నం వేసి, కింద చిన్న గుంట తవ్వి, పైపు పెట్టి, టెర్రస్ మీద ఫ్యాన్‌తో నిరంతరం లాగుతూ ఉంటే గచ్చు కింద ఒత్తిడి గదికన్నా తక్కువైపోతుంది, గ్యాస్ పైకి రావడం మానేసి పైపులోకి పోతుంది. 1980ల నుంచి అమెరికాలో లక్షల ఇళ్ళలో వాడుతున్న పద్ధతి. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు కొత్తగా కడుతున్న అణువిద్యుత్ కేంద్రంలోకి వెళ్తుంటే రేడియేషన్ అలారాలు మోగాయి, చూస్తే ఆ రేడియేషన్ ఆయన ఇంటి నుంచి ఒంటికి అంటుకొచ్చినది. ఆ ఇంట్లో రాడాన్ 2,700 పికోక్యూరీల దాకా ఉంది. ఆ గొడవ తర్వాతే అక్కడ ఇళ్ళ రాడాన్‌ని సీరియస్‌గా తీసుకున్నారు.

మన ఇళ్ళలో దీనికి ఒక సౌకర్యం ఉంది, ఒక ఇబ్బంది ఉంది. గచ్చు కింద సోలింగ్ రాళ్ళు పరిచి ఉంటే వాటి మధ్య సందుల్లోంచి గాలి బాగా కదులుతుంది, ఒక్క కన్నంతో మొత్తం లాగొచ్చు. కానీ మేస్త్రి ఎక్కడ సోలింగ్ వేశాడో, ఎక్కడ ఎర్రమట్టి నింపి దిమ్మిస కొట్టాడో ఎవరికీ గుర్తుండదు. అందుకే కోర్ కటింగ్‌కి, అంటే మెషీన్‌తో కాంక్రీటుకి గుండ్రటి కన్నం కొట్టడానికి, ముందు ఒక పరీక్ష. మూలలో ఒక కన్నం వేసి దానికి పెద్ద వాక్యూమ్ క్లీనర్ గొట్టం బిగించి నడిపిస్తూ, గదిలో అక్కడక్కడ వేసిన సన్న రంధ్రాల దగ్గర అగరుబత్తి పట్టుకుని చూడాలి. పొగ లోపలికి లాగితే అక్కడిదాకా పీల్పు అందుతోందన్నమాట. ఈ సెల్లార్‌లో వెనక సగం బాగా లాగింది, ముందు సగంలో పొగ కదల్లేదు. మధ్యలో అడ్డంగా టై బీమ్ (పిల్లర్లని కలిపే కాంక్రీటు దూలం) ఉంది, దానికి ముందు వైపు ఒట్టి మట్టే. కుప్పం నుంచి వచ్చిన కోర్ కటింగ్ అన్న "బీమ్‌కే కన్నం కొడదామా" అన్నాడు. ఛస్తే వద్దన్నాను, నిర్మాణాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. బీమ్‌కి చెరో వైపు ఒక్కో గుంట తీసి, రెండు పైపుల్నీ గోడ వెంట కలిపాం. మట్టి ఉన్న వైపు గుంట పెద్దదిగా, రెండు బక్కెట్లు మట్టి ఎక్కువ తీయించి, 20 ఎంఎం కంకర నింపాం. పీల్చే వైశాల్యం పెరిగితే బిగుసుకున్న మట్టిలో కూడా కొంత దూరం పోతుంది.

పైపు మామూలు నాలుగంగుళాల పీవీసీ, డ్రైనేజీకి వాడే రకమే. అడ్డంగా పోయే చోట గుంట వైపు వాలు ఉండాలి, మట్టి గాలిలో తేమ పైపులో చల్లబడి నీరవుతుంది, ఆ నీరు వంపులో నిలిచిందంటే పైపు మూసుకుపోయినట్టే. ఫ్యాన్ టెర్రస్ మీదే పెట్టాలి, ఇంట్లో కాదు. ఫ్యాన్ తర్వాత పైపులో గాలి ఒత్తిడితో ఉంటుంది, ఏ అతుకు కారినా వేల బెక్వెరెల్స్ గాలి నేరుగా గదిలోకి వస్తుంది. బయటికి వదిలే నోరు పారపెట్ గోడ కన్నా పైకి, కిటికీలకి దూరంగా ఉండాలి. ప్లంబర్ వాన పడుతుందని పైన టోపీ పెడతానని పట్టుబట్టాడు. టోపీ పెడితే గాలి కిందికి కొట్టి టెర్రస్ మీదే తిరుగుతుంది, అక్కడే వీళ్ళు బట్టలు ఆరేస్తారు. నోరు తెరిచే ఉంచి పిట్టలు పోకుండా జాలీ మాత్రం కట్టించాను. పడిన వాననీళ్ళు నేరుగా గుంటలోకి పోతాయి.

సీలింగ్ పని చూడ్డానికి చిన్నదే కానీ ఓపిక కావాలి. నేలకీ గోడకీ మధ్య సందు చుట్టూ పాలియురేథేన్ సీలెంట్ పట్టించాం. వైట్ సిమెంట్ వద్దు, ఒక వేసవి గడిస్తే పగిలిపోతుంది. కరెంటు మీటర్ బోర్డు నుంచి భూమిలో పాతిన కండ్యూట్ పైపు సెల్లార్ ప్యానెల్లో తేలుతుంది, దాని నోట్లోంచి గాలి చల్లగా చేతికి తగిలేది. అందులో ఫోమ్ కొట్టాం. మూలలో వాడని ఫ్లోర్ ట్రాప్ ఉంది, నీళ్ళు ఎండిపోయి ఖాళీగా ఉంది. అది గ్యాస్‌కీ దారే, బొద్దింకలకీ దారే. వాటర్ సంప్ గోడ సెల్లార్‌తో కలిసే ఉంది, అక్కడ పైపులు దూరిన చోట్లు మూశాం. సీలింగ్ ఒక్కటే చేసి ఊరుకుంటే చాలామంది ఇళ్ళలో తగ్గేది కొంతే, ఒక పగులు మూస్తే గ్యాస్ ఇంకోటి వెతుక్కుంటుంది. పీల్చే పైపుతో కలిపి చేస్తేనే దానికి విలువ, ఎందుకంటే పగుళ్ళు తెరిచి ఉంటే ఫ్యాన్ మట్టిని కాకుండా మీ ఏసీ గాలిని పీల్చి టెర్రస్ మీద పోస్తుంది.

ఇలా ఇంట్లోంచి గాలి లాగే ఏ పని చేసినా గ్యాస్ గీజర్ సంగతి చూడాలి. వీళ్ళకి గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూమ్‌లో ఒకటి ఉంది. ఇంట్లో ఒత్తిడి తగ్గితే మండిన గాలి వెనక్కి తిరిగి కార్బన్ మోనాక్సైడ్ లోపలే ఉండిపోవచ్చు. రాడాన్ ఇరవై ఏళ్ళ లెక్క, మోనాక్సైడ్ ఇరవై నిమిషాల లెక్క. దాన్ని తీసేసి ఎలక్ట్రిక్ గీజర్ పెట్టించాకే ఫ్యాన్ స్విచ్ వేశాను.

ఫ్యాన్ వేసిన మర్నాటికే సెల్లార్ 90కి దిగింది, ఆ తర్వాత కొన్ని వారాల సగటు 58. గ్రౌండ్ ఫ్లోర్ 110 నుంచి 40కి వచ్చింది, అక్కడ మేము ఏమీ చేయకపోయినా. గచ్చు కింద ఒత్తిడి వెనక వైపు బాగా మైనస్‌లో ఉంది, ముందు వైపు దూరపు మూలలో ఆ మైనస్ ఒక పాస్కల్ కన్నా కొంచెం ఎక్కువ, అంతే. చలికాలం తెల్లవారుజామున ఆ మూల ఎలా ఉంటుందో చూడాలి, అందుకే అక్కడా, పెద్దాయన కూర్చునే సోఫా పక్కనా ఫిల్ములు పెట్టి వదిలేశాను. మొత్తం ఖర్చు, ఫ్యాన్‌తో సహా, నలభై వేల లోపు.

ఫ్యాన్ 60 వాట్లది. రోజంతా నడిస్తే నెలకి 43 యూనిట్లు. ఇంటాయన దానికి టైమర్ పెట్టి రాత్రిళ్ళు ఆపేద్దామా అన్నారు. సరే చూద్దామని ఒక రాత్రి ఆపించాను. పొద్దున ఆరింటికి 310. మళ్ళీ ఆ మాట రాలేదు. పైపు మీద యు ఆకారంలో రంగు నీళ్ళ గొట్టం ఒకటి బిగించాం, రెండు వైపులా నీళ్ళు సమానంగా ఉంటే ఫ్యాన్ ఆగిపోయినట్టు. రోజూ దాన్ని చూసే బాధ్యత పెద్దాయనకి అప్పగించారు. సిగరెట్ మాత్రం ఆయన మానలేదు, ఇప్పుడు టెర్రస్ మీద కాలుస్తున్నారు.

పక్క సైటులో ఇప్పుడు సెల్లార్‌కి తవ్వుతున్నారు. ఆ యజమాని వచ్చి ఈ పైపేంటని అడిగితే, కొత్తగా కట్టేవాళ్ళకి ఇంత తంటా లేదని చెప్పాను. పీసీసీ (నేల కాంక్రీటు) పోయకముందే నాలుగంగుళాల మందాన శుభ్రమైన కంకర పరిచి, దాని మీద మందపాటి పాలిథిన్ షీటు అతుకులు ఎక్కించి వేసి, ఒక పైపు నిలబెట్టి మూత పెట్టుకుంటే చాలు, అవసరమైతే తర్వాత ఫ్యాన్ తగిలించుకోవచ్చు. పైపు వేసి షీటు మానేద్దామా అని అడుగుతున్నారు. షీటు లేకపోతే సిమెంటు పాలు కంకరలోకి దిగి గట్టిపడిపోతాయి, ఆ పైపు పీల్చడానికి కింద ఖాళీయే ఉండదు. షీటు వేయాల్సిందేనన్నాను. కాంక్రీటు పోసేది వచ్చే వారమట.